ఆరడుగుల బాట: ఒక కొండపరుగు వెనుక చరిత్ర

ఆస్ట్రేలియాలో స్థిరపడిన తెలుగువారికి ఉగాది శరదృతువులో వస్తుంది. మార్చి నుంచి మే దాకా అక్కడ ఎండ తీవ్రత తగ్గుతుంది, కొండగాలి చల్లబడుతుంది. దూరపు పరుగులకు అనువైన కాలమిది. సిడ్నీకి పడమట ఉన్న నీలిపర్వతాలలో, అంటే బ్లూ మౌంటెన్స్‌లో, ప్రసిద్ధమైన రెండు పరుగుపోటీలు ఈ ఋతువులోనే జరుగుతాయి. మే నెలలో జరిగే అల్ట్రా ట్రైల్ ఆస్ట్రేలియా 2008లో వేరే పేరుతో మొదలైంది. దానిలో వంద కిలోమీటర్లు పరుగెత్తేవారు చివరికి ఫర్బర్ మెట్లు ఎక్కాలి. అవి 951. అలిపిరి నుంచి తిరుమలకు నడిచినవారికి ఈ సంఖ్య పెద్దదిగా తోచకపోవచ్చు కాని, 98 కిలోమీటర్ల తరువాత మెట్ల లెక్క మారిపోతుంది. మార్చిలో జరిగే రెండవ పోటీ ఇంతకంటె పాతది. దాని పేరు సిక్స్ ఫుట్ ట్రాక్ మారథాన్. ఈ వ్యాసం ప్రధానంగా ఆ బాట గురించి.

కటూంబా ఊరి శివారు నుంచి జెనోలన్ గుహల వరకు ఈ పరుగు 45 కిలోమీటర్లు. మారథాన్ దూరమైన 42.195 కిలోమీటర్లను మించుతుంది కనుక, పేరేదైనా ఇది అల్ట్రామారథానే. సుమారు 1000 మీటర్ల ఎత్తున మొదలైన దారి నెల్లీస్ గ్లెన్ అనే ఇరుకు లోయలోకి నిట్టనిలువుగా దిగి, మెగలాంగ్ పచ్చికబయళ్ళ మీదుగా కాక్స్ నదిని చేరుతుంది. నదిలో దిగి దాటాలి. అక్కడి నుంచి అసలు పరీక్ష మొదలవుతుంది. మినీ మినీ శాడిల్ ఎక్కి, దిగి, మళ్ళీ ప్లూవియోమీటర్ దాకా ఎక్కాలి. ఒకప్పుడు వర్షాన్ని కొలిచే సాధనం ఉన్న స్థలం కాబట్టి దానికా పేరు వచ్చింది. ఆపైన బ్లాక్ రేంజ్ శిఖరరేఖ వెంట సాగి, చివరకు గుహల లోయలోకి దిగాలి. గడువు 7 గంటలు. దారి పొడుగునా గ్రామీణ అగ్నిమాపక దళాల స్వచ్ఛంద సేవకులు నీళ్ళందిస్తారు. 2019–20 వేసవిలో కార్చిచ్చు జెనోలన్ లోయదాకా వచ్చినప్పుడు అక్కడి పాత అతిథిగృహాన్ని కాపాడినవారిలో అటువంటి దళాల వారున్నారు.

ఈ పరుగు చరిత్రను సాధారణంగా రెండు తేదీలతో చెబుతారు. బాటను సర్వే చేసినది 1884లో. మొదటి పోటీ సరిగ్గా నూరేళ్ళకు, 1984లో. తేదీలు సరైనవే. అయితే ఒక బాట చరిత్ర ఎక్కడ మొదలవుతుందన్న ప్రశ్నకు అవి పూర్తి సమాధానం కావు.

వలసపాలన గ్రంథాలు ఈ కొండల కథను 1813తో ఆరంభిస్తాయి. ఆ ఏడు మే నెలలో, అంటే శరత్తులోనే, బ్లాక్స్‌లాండ్, లాసన్, వెంట్‌వర్త్ అనే ముగ్గురు శిఖరరేఖలను అనుసరించి పర్వతాలను దాటారు. 1814–15లో విలియం కాక్స్ ముప్పైమంది ఖైదీల శ్రమతో ఆరు నెలల్లో నూరు మైళ్ళకు పైగా రహదారి వేయించాడు. నదికి మిగిలింది అతని పేరు. రాళ్ళు పగలగొట్టిన ఖైదీల పేర్లు ఏ ఏటికీ పెట్టలేదు.

1860లలో రైలు కొండలెక్కింది. కటూంబా విహారస్థలమైంది. జెనోలన్ గుహల ఖ్యాతి పెరిగినా, అక్కడికి వెళ్ళాలంటే చుట్టుదారిన పోవాలి. నేరుగా గుర్రపుబాట వేయడానికి 1884లో ప్రభుత్వం సర్వేయర్ డబ్ల్యూ. ఎం. కూపర్‌ను పంపింది. బాట వెడల్పు ఆరడుగులు, అంటే 1.83 మీటర్లు. ఆ కొలతే దాని పేరయింది. 1887లో గవర్నరు లార్డ్ కారింగ్టన్ ఈ దారిన గుహలకు వెళ్ళాడు. తరువాత మోటారు రహదారులు వచ్చాయి. నడిచేవారు తగ్గిన బాటను పొదలు, కంచెలు కప్పేశాయి. 1980ల మధ్యలో భూముల శాఖవారు పాత పటాలు పట్టుకుని బాటను వెదికి మళ్ళీ తెరిచారు. పోటీ పుట్టినదీ ఆ రోజుల్లోనే.

ఆ కాలంలో దేశానికి దూరపు పరుగు మీద కొత్త మమకారం కలిగింది. 1983 శరత్తులో సిడ్నీ నుంచి మెల్‌బోర్న్‌కు 875 కిలోమీటర్ల పోటీ జరిగింది. 61 ఏళ్ళ బంగాళాదుంపల రైతు క్లిఫ్ యంగ్ దానిని 5 రోజుల 15 గంటల 4 నిమిషాలలో ముగించి గెలిచాడు. గొర్రెల వెంట పరుగెత్తిన కాళ్ళకు గడియారం దొరికిన సందర్భమది.

గడియారం అన్న మాట ఇక్కడ ముఖ్యం. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో మద్రాసు నుంచి కాశీకి వెళ్ళి వచ్చిన యాత్రను మనం తేదీల వారీగా చదువుకోగలం. మజిలీలు, సత్రాలు, ఏర్లు అన్నీ అందులో ఉన్నాయి. అన్ని మైళ్ళూ సవారీని భుజాన మోసిన బోయీల అడుగులు మాత్రం ఆయన వాక్యాల వెనుకనే ఉండిపోయాయి. ప్రయాణ చరిత్ర చాలాకాలం పల్లకిలో, గుర్రంపై కూర్చున్నవారి చరిత్రగానే ఉంది. పరుగుపోటీ ఈ పద్ధతిని తలకిందులు చేస్తుంది. అందులో చివరన వచ్చిన మనిషి కాలం కూడా సెకన్లతో సహా నమోదవుతుంది. ఇది చిన్న న్యాయం కాదు. అయినా ఈ బాటపై నమోదు కాని అడుగులు ఇంకా ఉన్నాయి.

ఈ లోయలు గుండుంగుర్రా ప్రజలవి. వారి పురాగాథ ఒకదానిని 1908లో ఆర్. హెచ్. మాథ్యూస్ ప్రచురించాడు. వృత్తిరీత్యా ఆయన కూడా సర్వేయరే. గురంగాచ్ సగం చేప, సగం సరీసృపం. మిర్రాగన్ వేటగాడు, క్వోల్ అనే పిల్లిని పోలిన జంతువు. మిర్రాగన్ మడుగులోని గురంగాచ్‌ను పట్టబోతాడు. గురంగాచ్ నేలను చీల్చుకుంటూ పారిపోతుంది. అది చీల్చిన దారే వొలొండిల్లీ, కాక్స్ నదుల లోయలైంది. వేటగాడు తరుముతాడు, పోరాడతాడు, అలసి మళ్ళీ లేస్తాడు. ఆ తరుములాట జెనోలన్, వోంబియన్ గుహల దాకా సాగుతుంది. అంటే ఈ కొండలలో మొదటి మహాదూరపు పరుగు కథ వారిదే. దానికి గమ్యంగా ఉన్న చోట్లలో నేటి పోటీ ముగిసే చోటు ఒకటి.

కథ నిలిచింది, కథ చెప్పినవారి భూమి నిలవలేదు. కొత్త వ్యవసాయం లోయలను ఆక్రమించే కొద్దీ అనేక గుండుంగుర్రా, దారుగ్ కుటుంబాలు కటూంబాలోని ‘గల్లీ’ అనే పల్లానికి చేరి, అక్కడ తరాలుగా బతికాయి. మన గల్లీ కాదిది, వాగు తొలిచిన పల్లం. 1957లో వారిని అక్కడినుంచి ఖాళీ చేయించారు. కారణం మోటారు పందేల చక్రబాట నిర్మాణం. ఒక పందెం కోసం ఊరిని లేపేశారు! 1960లో వారగాంబా ఆనకట్ట పూర్తయ్యాక బురగొరాంగ్ లోయ, దానితో పాటు పురాగాథలోని స్థలాలు కొన్ని, నీట మునిగాయి. పందేలు ఎప్పుడో ఆగిపోయాయి. 2002లో ప్రభుత్వం గల్లీని ఆదివాసుల స్మారకస్థలంగా గుర్తించింది. గుర్తించడం, తిరిగి ఇవ్వడం ఒకటి కావు.

ఇది మనకు తెలియని బాధ కాదు. శ్రీశైలం జలాశయం నిండే ముందు కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి ఆలంపురంలో నిలబెట్టారు. గుడిని తరలించగలిగారు. మునిగిన ఊళ్ళను కలిపిన కాలిబాటలను తరలించడం ఎవరికీ సాధ్యం కాలేదు. బాట అనేది రాతికట్టడం వంటిది కాదు. నడిచేవారుంటేనే ఉంటుంది, లేకుంటే ఒక తరంలోనే అడవిలో కలుస్తుంది. ఆరడుగుల బాట ఒకసారి అలా కలిసిపోయి మళ్ళీ బయటపడింది. ఆ మేరకు పరుగెత్తేవారు దానికి పోషకులు. కాని బాటను బతికించేవారికి దాని పూర్తి వయస్సు తెలిసి ఉండాలి. 1884 దాని వెడల్పుకు పుట్టినతేదీ మాత్రమే.

నీలిపర్వతాలలో పరుగెత్తే తెలుగువారికి, పరుగెత్తకుండా సిడ్నీలో ఉండేవారికి కూడా, ఈ చరిత్రతో సంబంధం ఉంది. పోటీదారులు మోకాళ్ళ లోతున దాటే కాక్స్ నది ముందుకు సాగి, మునిగిన బురగొరాంగ్ లోయను నింపిన జలాశయంలో కలుస్తుంది. సిడ్నీ తాగునీటిలో అధికభాగం అక్కడిదే. శరదృతువులో వచ్చే ఉగాదికి ఆ నగరంలో మనం చింతపండు నానబెట్టే నీరు గురంగాచ్ చీల్చిన దారినే వస్తోంది.