జనరల్ సీటులో ఆమె ఎక్కడ?

1962లో వనపర్తి సంస్థానం కోడలు కుముదినీదేవి హైదరాబాద్ మేయరయ్యారు. అప్పటికి రిజర్వేషన్లు లేవు. సంస్థానం పేరు లేని స్త్రీకి బల్దియా తలుపు తెరిచింది మాత్రం 1993లో అమల్లోకొచ్చిన 74వ రాజ్యాంగ సవరణే. మొదట మూడో వంతుగా ఉన్న మహిళా స్థానాలు 2016 నాటికి సగమయ్యాయి.

2020 డిసెంబరులో, నేనుండే సనత్‌నగర్‌లో టీఆర్ఎస్ తరఫున కొలను లక్ష్మి గెలిచారు. పక్కనే అమీర్‌పేటలో టీఆర్ఎస్ కార్పొరేటర్ శేషుకుమారిని బీజేపీ అభ్యర్థి సరళ ఓడించారు. మొత్తం 150 డివిజన్లలో టీఆర్ఎస్‌కు 56, బీజేపీకి 48, మజ్లిస్‌కు 44, కాంగ్రెస్‌కు 2 దక్కాయి. 2021 ఫిబ్రవరిలో మేయర్‌గా గద్వాల విజయలక్ష్మి, డిప్యూటీ మేయర్‌గా మోతె శ్రీలత ఎన్నికయ్యారు.

ఈ అంకెలు చూసి సంబరపడదామా? చట్టం తప్పనిసరి చేసినచోట ఏ పార్టీ అయినా స్త్రీని నిలబెట్టాల్సిందే. మంచినీళ్ళ కోసం, డ్రైనేజీ కోసం ఐదేళ్ళు గల్లీగల్లీ తిరిగిన కార్పొరేటర్‌కు, ఆ డివిజన్ జనరల్ అయిన రోజున కూడా టికెట్ ఇస్తారా? పార్టీలు స్త్రీని నాయకురాలిగా చూస్తున్నాయో, రిజర్వేషన్ గడి నింపే పేరుగా చూస్తున్నాయో తేలేది అక్కడే. మన పరిశోధనలు గెలిచిన స్త్రీలను లెక్కపెడుతున్నాయి. టికెట్ దక్కక ఇంటికి తిరిగెళ్ళిన స్త్రీల చరిత్ర కూడా మనమే రాయాలి.