మామూలు హక్కుగా మారిన విధము

"మామూలు" అన్న మాట తెలుగునాట రెండర్థాలతో వాడుకలో ఉన్నది. నిత్యము జరిగే తీరు మామూలే. పండుగపూట పనివాని చేతిలో పెట్టే డబ్బూ మామూలే. మొదటి ఏడు దసరానాడు అధికారి తన బంట్రోతుకు ఇచ్చిన రూపాయి దయ. మరుసటి ఏడు ఇచ్చినది జ్ఞాపకము. అయిదవ ఏట అధికారి మరచిపోతే, బంట్రోతు తలుపుచాటున నిలిచి "అయ్యా, నా మామూలు?" అని అడుగుతాడు. ఆ "నా" ఎక్కడినుండి వచ్చినది? ఈ ప్రశ్నకు సమాధానము కోసము మన దేశములో కార్మికులు సమ్మెలు చేసినారు, న్యాయస్థానాలు ఏండ్ల తరబడి తర్కించినవి.

మొదటి ప్రపంచ యుద్ధము బొంబాయి బట్టల మిల్లులకు మునుపెన్నడూ ఎరుగని లాభాలు తెచ్చిపెట్టినది. ధరలు కూడా మండిపోయినవి. యుద్ధము ముగిసిన తరువాత కొన్ని సంవత్సరాలపాటు యజమానులు ఏటేటా ఒక నెల జీతము బోనసుగా ఇచ్చినారు. ఏటా వచ్చే సొమ్మును నమ్ముకొని మనిషి అప్పు చేస్తాడు, ఇంట శుభకార్యము తలపెడతాడు. అది మానవ సహజము. ఇంతలో లాభాలు సన్నగిల్లినవి. 1923వ సంవత్సరానికి బోనసు లేదని యజమానుల సంఘము ప్రకటించినది. 1924 జనవరిలో లక్షకు పైగా కార్మికులు పని మానినారు. సమ్మె మార్చి దాకా సాగినది. పోలీసు కాల్పులలో ప్రాణాలు కూడా పోయినవి.

తగవు తీర్చడానికి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ నార్మన్ మెక్లియాడ్ అధ్యక్షతన ఒక విచారణ సంఘము ఏర్పడినది. ఆచారాన్ని బట్టి గాని, చట్టాన్ని బట్టి గాని, న్యాయబుద్ధిని బట్టి గాని కార్మికులకు బోనసుపై హక్కు రుజువు కాలేదని సంఘము తేల్చినది. కార్మికులు వట్టి చేతులతో మిల్లులకు తిరిగి వెళ్లినారు. కొద్ది యేండ్ల వాడుక ఆచారమెట్లవుతుందని సంఘము తలచి ఉండవచ్చు. ధర్మాసనానికి అది కొద్ది కాలమే; ఆ సొమ్ముతో సంసారము నడుపుకొనేవానికి కాదు.

అంతకు ఆరేండ్ల ముందు అహమ్మదాబాదులోనూ ఇట్టిదే జరిగినది. 1917లో ప్లేగు భయముతో నేతపనివారు ఊరు విడిచిపోకుండా మిల్లువారు భారీగా బోనసు ఇచ్చినారు. వ్యాధి తగ్గగానే దానిని తీసివేయబోయినారు. 1918లో గాంధీజీ నిరాహారదీక్ష, మధ్యవర్తి తీర్పు, 35 శాతము పెంపు, ఇవి అందరూ ఎరిగినవే. అయితే అక్కడ ధరల భారమే ముఖ్యము, వాడుక కాదు.

వాడుకకు కొలబద్ద వేరొకచోట దొరికినది. కలకత్తాలో దుర్గాపూజకు కంపెనీలు ఉద్యోగులకు బోనసు ఇవ్వడము పరిపాటి. కొన్ని నిలిపివేయగా వివాదాలు సుప్రీంకోర్టు దాకా వెళ్లినవి. 1959లో ఆ న్యాయస్థానము కొన్ని పరీక్షలు నిర్ణయించినది. చెల్లింపు ఎడతెగక సాగినదా? చాలినంత కాలము సాగినదా? ఒకే రేటున ఇచ్చినారా? అన్నిటికంటె పదునైనది మరొకటి: నష్టము వచ్చిన సంవత్సరములో కూడా ఇచ్చినారా? లాభము వచ్చిన ఏట ఇచ్చినది సంతోషముతో పంచినది కావచ్చు. నష్టములో ఉండి కూడా ఇచ్చినాడంటే, ఇవ్వక తప్పదని యజమానికే తోచి ఉండాలి. యజమాని మనస్సును అతని లెక్కల పుస్తకములో చదివే ఈ ఉపాయము నాకు ముచ్చటగా తోచింది.

బోనసు ఒక్కటే కాదు. ఆచారముగా వచ్చే ఏ సౌకర్యాన్నయినా ఉపసంహరించాలంటే కార్మికులకు 21 రోజుల ముందుగా నోటీసు ఇవ్వాలని, 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టములో 1956లో ఒక నిబంధన చేర్చినారు. వాడుకకు వ్రాతతో సమానమైన గౌరవము దక్కినది. దీనికి మరొక ముఖము కూడా ఉన్నది. తెలివైన యజమానులు జాగ్రత్తపడినారు. "ఈ యేటికి మాత్రమే, మా ఇష్టపూర్వకముగా" అని కాగితముపై వ్రాసి మరీ ఇవ్వసాగినారు. ఇచ్చే చేయి సందేహిస్తే నష్టపోయేది పుచ్చుకొనేవాడే గదా!

1965లో బోనసు చట్టము వచ్చినది. లాభనష్టాలతో నిమిత్తము లేకుండా జీతములో 4 శాతము కనీసముగా నిర్ణయించినది. తరువాత అది 8.33 శాతమైనది. అంకె వింతగా కనిపిస్తుంది గాని, అది పన్నెండవ వంతు, అనగా ఏడాదికి ఒక నెల జీతము. చట్టము పెట్టిన పరిమితులు వేరే ఉన్నవనుకోండి. కాని బొంబాయి కార్మికులు 1924లో అడిగి పోగొట్టుకొన్నది ఆ నెల జీతమే. ఇక పాత ఆచారాల మాట ఏమిటి? బొంబాయి దుకాణాల పనివారి వ్యాజ్యములో 1976లో సుప్రీంకోర్టు చెప్పినది: ఈ చట్టము లాభాల బోనసుకు సంబంధించినది, ఆచారముగా వచ్చే బోనసు కోరే దారిని ఇది మూసివేయలేదు.