పసివారి ఊపిరికి కాపుదల

వికారాబాదు, తాండూరు ప్రాంతాలలో ఊపిరితిత్తుల వ్యాధి అనగానే అనంతగిరి క్షయ చికిత్సాలయం స్మృతికి వస్తుంది. క్షయ కాక, న్యూమోసిస్టిస్ అనే శిలీంధ్రం కలిగించే న్యుమోనియా వేరొకటి కలదు. రోగనిరోధకశక్తి క్షీణించినవారినే అది పీడిస్తుంది.

భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం ఫోలికామ్లం పనిని అడ్డగించే మందును రూపొందించింది. దానితో లుకేమియా బాలలకు తాత్కాలిక ఉపశమనం కలిగినట్లు 1948లో సిడ్నీ ఫార్బర్ ప్రకటించాడు. క్రమంగా చికిత్స వృద్ధిచెంది బాలల ఆయువు పెరిగింది. కాని ఆ మందులే నిరోధకశక్తిని తగ్గించగా ఈ న్యుమోనియా ప్రాణాంతకమైంది. శిలీంధ్రంలో ఫోలికామ్ల నిర్మాణాన్ని అడ్డగించే కోట్రైమోక్సజోల్‌ను ముందుగానే ఇచ్చి దీనిని నివారింపవచ్చునని 1977లో అమెరికాలో వాల్టర్ హ్యూస్ నిరూపించాడు. వ్యాధి సోకిన పిమ్మట చికిత్సకూ అదే మందు, హెచ్చు మోతాదులో.

కావున అట్టి చికిత్స పొందుతున్న బిడ్డకు పొడిదగ్గు, జ్వరం, ఆయాసం కనిపించిన తక్షణమే వైద్యునికి చూపవలె. నివారణకై ఇచ్చిన మందును వైద్యుడు చెప్పనిదే మానరాదు.