పన్నెండు రాశులు, ఒక్క రాత్రి

కచేరీలో పక్కవాద్యం తడబడితే మనం త్యాగరాజస్వామిని తప్పు పట్టం. కృతి వేరు, ఆనాటి కచేరీ వేరు అని మనకు తెలుసు. అమెరికన్ జాజ్ పియానో విదుషి మేరీ లూ విలియమ్స్ విషయంలో మాత్రం ఈ తేడాను నేను చాలాకాలం మరిచిపోయాను. ఆమె ఆర్కెస్ట్రా కోసం కూర్చిన 'జోడియాక్ సూట్' శక్తికి మించిన ప్రయత్నమని నమ్మాను. సంగీతం తెలిసిన మిత్రులతో అన్నాను కూడా. ఆ మాట వెనక్కి తీసుకోవడానికే ఈ నాలుగు పేజీలు.

మేరీ లూ 1910లో అట్లాంటాలో పుట్టి, పిట్స్‌బర్గ్‌లో పెరిగిన నల్లజాతి స్త్రీ. 1930లలో కాన్సాస్ సిటీకి చెందిన యాండీ కిర్క్ బృందంలో పియానో వాయించింది. వాయించడం ఒక్కటే కాదు, ఆ బృందానికి పాటలు కట్టింది, ఏ వాద్యం ఎక్కడ ఏం పలకాలో రాసి ఇచ్చింది. బెన్నీ గుడ్‌మన్, డ్యూక్ ఎలింగ్టన్ వంటివారి బృందాలకూ ఆమె రచనలు వెళ్ళాయి. అంటే పదిమంది వాద్యకారులను మనసులో పెట్టుకుని రాయడం ఆమెకు కొత్త విద్య కాదు.

1945లో న్యూయార్క్ రేడియోలో ఆమెకు ఒక వారపు కార్యక్రమం ఉండేది. పన్నెండు రాశుల మీద పన్నెండు రచనలు కట్టి, అందులో ఒక్కొక్కటే వినిపించింది. మన జాతకాల్లో రాశి అంటే పుట్టినవేళ చంద్రుడున్న రాశి. పాశ్చాత్యులు చూసేది సూర్యుడున్న రాశి. ఆ లెక్కన ఒక్కో రాశినీ ఆ రాశిలో పుట్టిన కళాకారులకు అంకితమిచ్చింది. మేషం గాయని బిల్లీ హాలిడేకి, శాక్సఫోన్ విద్వాంసుడు బెన్ వెబ్‌స్టర్‌కి. వృషభం ఎలింగ్టన్‌ది; ఆమె సొంత రాశి కూడా అదే. తుల మంక్, గిలెస్పీ, టేటమ్‌లది. కనుక ఇది జ్యోతిషం కాదు, స్నేహితుల చిత్రాల పుస్తకం.

ఆ ఏడే మోజెస్ ఆష్ అనే రికార్డు ప్రచురణకర్త ఈ పన్నెండింటినీ రికార్డు చేశాడు. పియానో మేరీ లూది, బేస్ ఆల్ లూకస్‌ది, డ్రమ్స్ జాక్ పార్కర్‌వి. అంతే, ముగ్గురు. లోకం ఎరిగిన 'జోడియాక్ సూట్' ఇదే.

ఆమె అక్కడ ఆగలేదు. బేస్ వాద్యకారుడు మిల్ట్ ఓరెంట్ తోడ్పాటుతో వయొలిన్లు, ఫ్లూటు, క్లారినెట్, బాసూన్ వంటి వాద్యాలకు విస్తరించి, 1945 డిసెంబరు చివర న్యూయార్క్ టౌన్ హాల్‌లో వినిపించింది. 1946లో అందులో మూడు భాగాలను కార్నెగీ హాల్‌లో పెద్ద సింఫనీ ఆర్కెస్ట్రా వాయించింది. టౌన్ హాల్ రాత్రి రికార్డింగు మాత్రం 1991 దాకా శ్రోతలకు చేరలేదు. అప్పటికి ఆమె పోయి పదేళ్ళు.

నేను విన్నది ఆ 1991 డిస్కునే. తంత్రీవాద్యాలు అడుగు వెతుక్కుంటూ ప్రవేశిస్తాయి. పియానో ముందుకు నడుస్తుంటే ఆర్కెస్ట్రా బరువుగా వెనకబడుతుంది. ముగ్గురి రికార్డే అసలు కృతి, ఇది అనవసరమైన ఆడంబరం అనుకుని పక్కన పెట్టేశాను.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ తడబాటుకు కారణం కాగితం మీద లేదు. రిహార్సల్ చాలలేదు. అదీ ఈ సంగీతానికి రెట్టింపు నష్టం. మన కీర్తనల నొటేషన్‌లో స్వరం కనిపిస్తుంది, గమకం కనిపించదు. జాజ్ రాత కూడా అంతే. సమానంగా రాసిన రెండు స్వరాలను కాస్త పొడుగు, కాస్త పొట్టిగా ఊపుతూ వాయించాలి. ఆ ఊపు గురుముఖాన రావాలి, లేదా కలిసి వాయించగా వాయించగా రావాలి. రాసింది రాసినట్టు వాయించడం నేర్చిన శాస్త్రీయ వాద్యకారుడికి అది ఒకటి రెండు పూటల్లో పట్టుబడదు. ఎలింగ్టన్‌కు ఏళ్ళ తరబడి జీతాలిచ్చి నిలుపుకున్న సొంత బృందం ఉంది. రాసినది మర్నాడే వాయించి దిద్దుకోగలిగాడు. మేరీ లూకి ఆ వెసులుబాటు లేదు.

2023లో పియానో విద్వాంసుడు ఏరన్ డీల్, 'ది నైట్స్' అనే ఆర్కెస్ట్రాతో కలిసి ఈ ఆర్కెస్ట్రా రూపాన్ని పూర్తిగా రికార్డు చేశాడు. అది విన్నాక నా తీర్పు నిలవలేదు. వృశ్చికంలో బేస్ పట్టిన ఒకే పలుకు మళ్ళీ మళ్ళీ తిరుగుతుంటే, పైన వాద్యాలు దాన్ని కమ్ముకుంటాయి. ముగ్గురి రికార్డులో ఊహించుకోవలసి వచ్చిన నీడ ఇక్కడ చెవికి తగులుతుంది. తులలోని మెత్తని రంగులు ఊదువాద్యాల కోసమే పుట్టినట్టుంటాయి. చివరిదైన మీనంలో స్త్రీ కంఠం చేరుతుంది. పియానో ఒక్కటే ఆ పని చేయలేదు.

లోపాలు లేవనను. కొన్ని రాశులు అందుకునేలోపే ముగుస్తాయి. విస్తరించవలసిన చోట చిత్తుప్రతిలా మిగిలాయి. కన్యలోని బ్లూస్ ముగ్గురి చేతుల్లోనే ఎక్కువ హాయిగా ఉందని ఇప్పటికీ నా అభిప్రాయం. కాని ఇవి రచన గురించిన మాటలు. నేను ఇంతకుముందు అన్నవి ఒక రాత్రి గురించిన మాటలు.

ఈ పొరపాటు నా ఒక్కడిదే కాదేమో. 1957లో న్యూపోర్ట్ ఉత్సవంలో గిలెస్పీ బృందంతో ఆమె కొన్ని రాశులు వాయించింది, రికార్డయింది. 2006లో జెరీ ఆలెన్ భక్తితో మళ్ళీ రికార్డు చేసినదీ చిన్న బృందంతోనే. ఇన్నేళ్ళూ ఆర్కెస్ట్రా రూపం తరఫున పలికింది ఆ టౌన్ హాల్ రాత్రి ఒక్కటే. ఒక్క సాక్షిని విని తీర్పు చెప్పడం న్యాయం కాదు కదా.

మేరీ లూ 1981 మే 28న కన్నుమూసింది. ఆమె కాగితాలు రట్గర్స్ విశ్వవిద్యాలయపు జాజ్ అధ్యయన సంస్థలో భద్రంగా ఉన్నాయి. ఆ కాగితాలు నిలవబట్టే, టౌన్ హాల్‌లో చాలని రిహార్సల్ డెబ్బై ఏడేళ్ళ తర్వాతనైనా జరిగింది. వీలైన పాఠకులు ముందు ముగ్గురి రికార్డు, తర్వాత 2023 నాటిది వినండి. 1991 డిస్కు ఆఖరున వినండి. అప్పుడు ఆ రాత్రి తడబాటు మధ్య ఆమె ఏం వినిపించాలనుకుందో తెలుస్తుంది.