రాజధాని మారింది, పట్నం మారలేదు

తిరుత్తణి, తిరువళ్ళూరు ప్రాంతాల తెలుగు ఇళ్ళలో పెద్దవాళ్ళు "పట్నం పోయొస్తాం" అంటే ఏ పట్నం అని ఎవరూ అడగరు. అది చెన్నపట్నమే. పట్టణం అనే సామాన్యనామం ఇక్కడ ఒకే ఒక ఊరికి పేరై నిలిచింది. పట్నం పోవడమంటే కోర్టు పనో ఆసుపత్రి పనో మాత్రమే కాదు. వింతలు చూడడం, హోటల్లో తినడం, పెళ్ళి సరుకులు కొనడం, ఆట చూసి రావడం కూడా అందులో చేరి ఉండేవి. ఈ నాలుగు పనుల చరిత్రను మాటల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా తిరుత్తణి తాలూకా రాజకీయ చరిత్రను గుర్తు చేసుకోవాలి. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో ఈ తాలూకా భాగం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు జిల్లాతోపాటు అందులో చేరింది. అంతవరకు మద్రాసు రాజధానిగా ఉన్నవారికి ఆనాటినుంచి కర్నూలు రాజధాని అయింది. 1956 నవంబరు 1 నుంచి హైదరాబాదు అయింది. ఆ తరువాత పటాస్కర్ సిఫార్సుల ఆధారంగా సరిహద్దుల సవరణ చట్టం వచ్చింది. దాని ప్రకారం 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అంటే తిరుత్తణిలో ఇల్లు కదలని మనిషికి ఏడేళ్ళు నిండకముందే రాజధాని మూడుసార్లు మారింది. అదే రోజున తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాల్లోని కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి. వారికి చెన్నపట్నం పొరుగు రాష్ట్రపు రాజధాని అయింది. ఒకవైపు "మద్రాస్ మనదే" అన్న నినాదం, మరొకవైపు మ.పొ. శివజ్ఞానం నాయకత్వాన సాగిన ఉత్తర సరిహద్దు ఉద్యమం జనాన్ని కదిలించిన కాలమది. ఇంత జరిగినా ఈ ప్రాంతపు తెలుగువారి నోట పట్నం మాత్రం మారలేదు. కర్నూలునుగాని హైదరాబాదునుగాని వారు ఉత్త "పట్నం" అనలేదు.

దీనికి ప్రధాన కారణం రైలు. దక్షిణ భారతంలో మొదటి ప్రయాణికుల రైలు 1856 జులై 1న రాయపురం నుంచి వాలాజారోడ్డు దాకా నడిచింది. తిరువళ్ళూరు ఆ దారిలోనే ఉంది. తిరుత్తణి అరక్కోణం మీదుగా అదే దారికి కలిసింది. తిరువళ్ళూరు నుంచి మద్రాసు సెంట్రల్ 40 కిలోమీటర్ల పైచిలుకు, తిరుత్తణి నుంచి దాదాపు 80. పొద్దున బయలుదేరినవాడు రాత్రికి ఇల్లు చేరగలడు. 1873లో వచ్చిన సెంట్రల్ స్టేషనే వీరికి పట్నపు వాకిలి. పల్లెవాడు చూడదలచిన వింతల్లో చాలా భాగం ఆ వాకిలి చుట్టుపక్కలే ఉండేవి.

ఆ వింతల్లో మొదట చెప్పవలసినవి రెండు "కాలేజీలు". మ్యూజియాన్ని చచ్చిన కాలేజీ అనీ, జంతుశాలను బతికిన కాలేజీ అనీ జనం పిలిచేవారు. తమిళులు వీటినే సెత్త కాలేజ్, ఉయిర్ కాలేజ్ అన్నారు. చదువు చెప్పని చోటికి కాలేజీ అనే పేరెందుకు వచ్చింది? మద్రాసు మ్యూజియం 1851లో సెంట్ జార్జి కోట కళాశాల భవనంలో ప్రారంభమై, 1854లో ఎగ్మూరుకు మారింది. 1855లో ఎడ్వర్డ్ బాల్ఫోర్ మ్యూజియం ఆవరణలోనే జంతుశాలను నెలకొల్పాడు. తరువాత అది సెంట్రల్ పక్కనున్న పీపుల్స్ పార్కుకు చేరింది. భవనం మారినా పాత పేరు రెండింటినీ అంటిపెట్టుకొని వచ్చిందనుకోవడం సమంజసం.

ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన సంగతి ఒకటుంది. 1812లో స్థాపించిన ఆ కళాశాల కంపెనీ ఉద్యోగులకు తెలుగు, తమిళం మొదలైన భాషలు నేర్పినది. 1816లో వెలువడిన కాంబెల్ తెలుగు వ్యాకరణానికి చేర్చిన పీఠికలో ఎల్లిస్ తెలుగు, తమిళ, కన్నడాలు ఒకే కుటుంబానికి చెందిన భాషలని నిరూపించాడు. కాల్డ్వెల్ గ్రంథం రావడానికి ఇంకా నలభై ఏళ్ళుంది. పులిని చూడబోయిన పల్లెటూరి మనిషి తనకు తెలియకుండానే ఆ కళాశాల జ్ఞాపకాన్ని నాలుకమీద మోశాడు. చచ్చిన కాలేజీలో అతడు చూసిన రాళ్ళలో కృష్ణాతీరపు అమరావతి స్తూప శిల్పాలు కూడా ఉన్నాయి. వాటి తోడు రాళ్ళు అనేకం 1859లో లండనుకు తరలిపోయాయి.

వినోదం సంగతి చూద్దాం. సెంట్రల్‌కు సమీపంలోని విక్టోరియా పబ్లిక్ హాలుకు 1883లో శంకుస్థాపన చేసినవారు విజయనగరం మహారాజు ఆనందగజపతి. బళ్ళారి నుంచి ధర్మవరం కృష్ణమాచార్యుల సరస వినోదిని సభ మద్రాసు వచ్చి ఆడిన తెలుగు నాటకాలు పమ్మల్ సంబంధ ముదలియార్‌ను ఆకర్షించాయి. ఆ ప్రేరణతో ఆయన 1891లో సుగుణ విలాస సభను స్థాపించారు. ఆధునిక తమిళ రంగస్థల చరిత్రలో ఇది ముఖ్యమైన ఘట్టం. తరువాత సినిమా వచ్చింది. రఘుపతి వెంకయ్య గెయిటీ థియేటరు కట్టించారు. వడపళనిలో విజయా-వాహినీ స్టూడియో వెలసింది. 1951లో పాతాళభైరవి, 1957లో మాయాబజార్ తెలుగులోనూ తమిళంలోనూ అక్కడే తయారయ్యాయి. తిరుత్తణి పిల్లవాడికి ఆ రెండు భాషల్లో ఏది దొరికినా కథ తనదే.

కొనుగోలుకు వచ్చినవారికి స్టేషను పక్కనే 1900లో తెరిచిన మూరు మార్కెట్టు ఉండేది. ఇంకొంచెం లోపలికి పోతే షావుకారుపేట, కొత్వాల్ చావడి. ఈ చావడి తెలుగు కోమట్ల కన్యకాపరమేశ్వరి దేవస్థానానికి చెందిన స్థలం. చావడి అన్న మాటకు ఇంగ్లీషువారి "చౌల్ట్రీ"తో బంధుత్వం ఉంది. చింతాద్రిపేట పేరులో చింత లేదు, అద్రి లేదు. 1734లో నేతగాళ్ళ కోసం ఏర్పరచిన "చిన్న తరి పేట", అంటే చిన్న మగ్గాల పేట, అలా మారింది. తమిళ పదం తెలుగు చెవికి చింతచెట్టుగా వినిపించింది కాబోలు.

తిండి విషయం అంత సాఫీ కాదు. చాలామంది సద్దిమూటతోనే రైలెక్కేవారు. డబ్బు పొదుపు ఒక కారణం, కులం మరొకటి. రైల్వే భోజనశాలల్లో బ్రాహ్మణులకు, ఇతరులకు వేరువేరు గదులుండేవి. కాఫీ హోటళ్ళలోనూ ఆ అడ్డుగోడ చాలాకాలం నిలిచింది. కాఫీ క్లబ్బులో అందరి మధ్య కూర్చుని ఇడ్లీ తిన్నానని ఊరికి వచ్చి గొప్పగా చెప్పుకొన్న తాతలుంటే, ఆ గొప్ప ఇడ్లీది కాదు. ఆ కూర్చోవడానిది. పట్నం అందరికీ ఒకే రీతిగా తలుపు తీయలేదని మనం మరువరాదు.

ఇప్పుడా పట్నం చాలావరకు లేదు. మూరు మార్కెట్టు 1985లో కాలిపోయింది. అదే ఏడు వండలూరులో కొత్త జంతుశాల తెరవడంతో పీపుల్స్ పార్కులోని బతికిన కాలేజీకి కాలం చెల్లింది. కొత్వాల్ చావడి కూరగాయల వ్యాపారం 1996లో కోయంబేడుకు వెళ్ళింది. తెలుగు సినిమా హైదరాబాదు చేరింది. మిగిలినవి మాటలే, అవీ వృద్ధుల నోళ్ళలో.

తెలుగునాటికి వెలుపల పెరిగిన మన విద్యార్థుల్లో తమ ఇంటి తెలుగు చెడిపోయిన తెలుగన్న సంకోచం తరచు కనిపిస్తుంది. అది నిజం కాదు. విజయవాడ తెలుగులో కనిపించని ఒక చరిత్ర తిరుత్తణి తెలుగులో ఉంది. సరిహద్దు కమిషన్లు జనాభా లెక్కించాయి, గ్రామాలు పంచాయి. ఒక రైతు పొద్దున్నే లేచి ఏ ఊరికి సంబరంగా బయలుదేరతాడో వాటి లెక్కలోకి రాలేదు. ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అవ్వనో తాతనో అడగండి: మొదటిసారి పట్నం పోయినప్పుడు ఏం చూశారు, ఎక్కడ తిన్నారు, ఏం కొన్నారు, ఏ ఆట చూశారు? వారు చెప్పిన మాటలను చెప్పిన తీరులోనే రాసుకోండి. దిద్దకండి.