బ్రిటన్ అత్యవసర చట్టం: ముసాయిదా నుంచి తొలగిన రెండు అంశాలు

అత్యవసర అధికారాల విషయంలో బ్రిటన్ 2004 దాకా 1920 నాటి చట్టంపైనే ఆధారపడింది. ఆ చట్టాన్ని సమ్మెల సందర్భాలలోనే ప్రయోగించారు. 1970-74 మధ్య హీత్ ప్రభుత్వమే ఐదుసార్లు అత్యవసర పరిస్థితి ప్రకటించింది. 2000లో ఇంధన పన్నులపై నిరసనలు, వరదలు, 2001లో గాలికుంటు వ్యాధి దాని కాలం చెల్లిందని చాటాయి.

2003 జూన్‌లో ప్రభుత్వం కొత్త ముసాయిదాను వెలువరించి ప్రజాభిప్రాయం కోరింది. ఉభయసభల సంయుక్త సంఘం వాదనలు విని రెండు ప్రధాన అభ్యంతరాలు తెలిపింది. రాజకీయ, పరిపాలనా, ఆర్థిక సుస్థిరతకు ముప్పును సైతం అత్యవసర స్థితిగా నిర్వచించడం మొదటిది. అత్యవసర నిబంధనలకు పార్లమెంటు చట్టాల హోదా కల్పించి, మానవహక్కుల ప్రాతిపదికన న్యాయస్థానాలు వాటిని కొట్టివేయకుండా చేయడం రెండవది. 2004 నవంబరులో ఆమోదం పొందిన చట్టంలో ఈ రెండూ లేవు. నిబంధనలకు పార్లమెంటు 7 రోజులలో ఆమోదం తెలపాలి. 30 రోజులకు అవి వాటంతట అవే రద్దవుతాయి.

అయితే 2020 కోవిడ్ కాలంలో ప్రభుత్వం ఈ అధికారాలను వాడలేదు. ఇంగ్లండులో ప్రధానంగా 1984 నాటి ప్రజారోగ్య చట్టాన్ని ఆశ్రయించింది. దాని కింద అత్యవసరంగా చేసిన నిబంధనలకు పార్లమెంటు ఆమోదం పొందడానికి 28 రోజుల వ్యవధి ఉంది. ప్రజలు ఒక చట్టానికి వేయించిన కళ్ళెం పక్కనున్న మరో చట్టాన్ని ఆపలేదు.