ఫ్లోరైడ్ నీళ్లు: ఎముకల బొగ్గు నుంచి నూలుపోగుల దాకా



అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసే వాన 550 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. చెరువులు, దిగుడుబావులు ఎండినకొద్దీ మనవాళ్లు బోర్లను మరింత లోతుకు దించుతూ పోయారు. ఆ లోతులో గ్రానైటు రాతిని ఒరుసుకొని ఏళ్ల తరబడి నిలిచిన నీటిలో కాల్షియం తక్కువగా, ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంటుంది.

మన దేశంలో ఈ వ్యాధిని 1937లో షార్ట్ బృందం వైద్యలోకం దృష్టికి తెచ్చింది. వారు చూసిన రోగులు నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లావారు. మోకాళ్లు లోపలికి వంగిపోయే లక్షణాన్ని 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 'లాన్సెట్' పత్రికలో వివరించారు. నా ఉద్యోగపు తొలి ఏళ్లలో, నడుము పట్టేసిందని వచ్చినవారికి నేను నొప్పి మాత్రలు రాసి పంపేవాణ్ని. ఏ బావి నీళ్లు తాగుతున్నారని అడగలేదు. ఆ తప్పు నాదే.

ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచుకొనే గుణం ఎముకకు సహజంగానే ఉంది. మన ఒంట్లో అది అక్కడ పేరుకొనేది అందువల్లనే. అమెరికాలో తొలినాళ్లలో ఎముకల బొగ్గునే వడపోతకు వాడారు. మన ఇళ్లలో ఆ నీళ్లు ఎవరు ముట్టుకుంటారు? తరువాత నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నాలతో నల్గొండ పద్ధతిని రూపొందించింది. యాక్టివేటెడ్ అల్యూమినా కూడా వచ్చింది. అది బాగానే పనిచేస్తుంది. కాని నిండిపోయాక క్షారంతో కడిగి, ఆమ్లంతో సరిచేయాలి. పల్లెల్లో పథకాలు కుంటుపడేది ఇక్కడే.

ఇప్పుడు పరిశోధకుల చూపు పాలిమర్ పోగుల మీద ఉంది. స్వెటర్లు అల్లే ఆక్రిలిక్ దారాన్ని రసాయనికంగా మార్చితే, అది సీసం, రాగి వంటి లోహాలను నీటినుంచి లాక్కుంటుంది. జపాన్‌వారు సముద్రజలంలోని యురేనియం కోసం ఇటువంటి పోగులనే ప్రయోగించారు. అయితే ఫ్లోరైడ్ లోహం కాదు, రుణావేశపు అయాన్. కనుక పోగుకు ముందుగా జిర్కోనియం వంటి లోహాన్ని అంటించాలి. ఆ లోహమే ఫ్లోరైడ్‌ను పట్టుకుంటుంది. పోగు సన్ననిది, ఉపరితలం విస్తారం, కాబట్టి పని త్వరగా జరుగుతుంది. నిండిపోవడం మాత్రం దీనికీ తప్పదు. కడిగిన నీళ్లు ఎక్కడ పారబోయాలన్న చిక్కు కూడా తప్పదు.

1990ల నడుమ సత్యసాయి తాగునీటి పథకం వేరే దారి పట్టింది. నీటిని ఇంటింటా వడకట్టడం కాక, పైపుల ద్వారా ఏడు వందలకు పైగా గ్రామాలకు నీళ్లు చేర్చింది. నా దృష్టిలో మంచి నీరు దొరికేచోట అదే మేలైన మార్గం.

కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై మరింత చిక్కబడుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీరు లేనప్పుడు 1.5 వరకు అనుమతి ఉంది. మీ ఊరి ప్లాంటుకు వెళ్లినప్పుడు వడపోత పదార్థాన్ని చివరిసారి ఎప్పుడు మార్చారో, నీటిని ఎప్పుడు పరీక్షించారో అడగండి. ఆ కాగితం చూపించమనండి.